హీటరు కొనేముందు తలుపు చూడండి

ప్రశ్న: అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాం. గ్యారేజీలో చెక్కపని చేసుకుంటాను. డిసెంబరు వస్తే చేతులు కొంకర్లు పోతున్నాయి. పెద్ద హీటరు కొంటే సరిపోతుందా?

జవాబు: హీటరు సంగతి చివర్లో. ముందు సందులు మూయాలి. రాత్రి లోపల లైటు వేసి, పెద్ద తలుపు దించి, బయట నిలబడి చూడండి. అడుగునా పక్కలా వెలుతురు గీతలా కనిపించిన చోటల్లా చలి దూరుతున్నట్టే. కింది రబ్బరు పట్టీ ఎండి పగిలితే కొత్తది వేయించండి. తలుపు పలకలకు ఫోమ్ షీట్లు అతికించవచ్చు. గ్యారేజీ తలుపుల కోసం తయారైనవే తీసుకోండి, మామూలు ఫోమ్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది. బరువు పెరుగుతుంది కాబట్టి స్ప్రింగు బిగువు సరిచేయించాలి. దాన్ని మీరు మాత్రం ముట్టుకోవద్దు, ఒక్కసారిగా విడితే ప్రాణాలకే ముప్పు.

ఇక గోడలు. రెండు బై నాలుగు అంగుళాల చెక్కల గోడలైతే ఆర్-13 (ఆర్ అంకె చలిని ఆపే శక్తికి కొలత) ఫైబర్‌గ్లాస్ సరిగ్గా పడుతుంది. దూదిలా ఉంది కదా అని కుక్కకండి. అందులో నిలిచిన గాలే చలిని ఆపేది. ఆవిరిని ఆపే షీటు మీ చలిప్రాంతంలో గది లోపలివైపే ఉండాలి. పైకప్పునూ వదలొద్దు.

ఆ తర్వాత చిన్న కరెంటు హీటరు చాలవచ్చు. పొగగొట్టం లేని గ్యాస్ హీటరు మాత్రం వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు. గ్యారేజీని ఆనుకున్న గదిలో ఆ వాయువును పసిగట్టే అలారం ఈ వారమే బిగించండి.