తిరిగొచ్చిన పార్టును ఏం చేస్తున్నారు?

గాజువాక ఆటోనగర్‌లో పని దొరికిందంటే చాలామంది ఐటీఐ, డిప్లొమా పిల్లలు పెదవి విరుస్తారు. స్టీల్‌ప్లాంట్‌లోనో షిప్‌యార్డ్‌లోనో పోస్టు పడేదాకా కాలక్షేపం అనుకుంటారు. నేను ఒప్పుకోను. చేతిపని, బుర్రపని కలిపి నేర్పే చోట్లు విశాఖలో అంతకన్నా మంచివి తక్కువ. కాకపోతే షెడ్డును చూసి ఎంచుకోవాలి.

1941లో షిప్‌యార్డ్‌కు పునాదిరాయి పడింది. 1957లో రిఫైనరీ, 1966లో భారీ పరికరాల సంస్థ బీహెచ్‌పీవీ వచ్చాయి. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. వీటి పనులు అందుకుంటూ చిన్న వర్క్‌షాపులు ఎదిగాయి. వాటికి పరిశోధన విభాగాలు ఉండవు. ఆర్డరుతో వచ్చే డ్రాయింగే పాఠం, సరుకు చూడటానికి వచ్చే ఇన్‌స్పెక్టరే పరీక్షాధికారి.

ఒక్కోసారి డ్రాయింగ్ కూడా ఉండదు. విదేశీ యంత్రంలో అరిగిపోయిన బుష్‌ను తెచ్చి, ఇలాంటిదే చేసిమ్మంటారు. అరిగినదాన్ని కొలిస్తే అరిగిన కొలతే వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో దాని జత పార్టును చూసి లెక్కకట్టాలి. లోహం ఏమిటో ల్యాబ్‌లో తేల్చుకోవాలి, గట్టిదనం చూడాలి, హీట్ ట్రీట్‌మెంట్‌లో ఎంత వంగుతుందో ఊహించి ముందే కాస్త మెటీరియల్ వదలాలి. ఇన్నోవేషన్ అని సభల్లో చెప్పేది ఇక్కడ లేత్ దగ్గర జరుగుతుంది.

మరి మంచి షెడ్డును పోల్చుకోవడం ఎలా? ఇంటర్వ్యూలో ఒక్కటి అడగండి: "ఈమధ్య రిజెక్టయి తిరిగొచ్చిన జాబ్ ఏదండీ? తర్వాత ఏం మార్చారు?" కొన్నిచోట్ల ఆపరేటర్‌ను తిట్టి ఇంకొకటి చేయిస్తారు. కొన్నిచోట్ల టూల్ అరిగిందా, జాబ్ వేడిగా ఉండగానే కొలిచారా, పాత డ్రాయింగ్ చేతికిచ్చారా అని వెతికి పుస్తకంలో రాసుకుంటారు. జీతం కాస్త తగ్గినా ఆ రెండో చోటికే వెళ్లండి. ఈఎస్ఐ, పీఎఫ్ సంగతి, కళ్లద్దాలు, బూట్లు ఇస్తారా అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి. పని నేర్పుతున్నామన్న పేరుతో వాటిని ఎగ్గొట్టడం తప్పు.

ఎలక్ట్రానిక్స్, బయోమెడికల్ చదివినవాళ్లు విశాఖలో వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్‌ను చూడాలి. ఖరీదైన టెస్టింగ్ ల్యాబ్‌ను చిన్న కంపెనీ సొంతంగా కొనలేదు. అక్కడ అలాంటి ల్యాబ్‌లను అందరూ కలిసి వాడుకుంటారు. 2020లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు అక్కడినుంచి కూడా తయారై వెళ్లాయి.

సీఎన్‌సీ, టూల్ డిజైన్ మీద ఆసక్తి ఉంటే అచ్యుతాపురం వైపు పూడిలో కేంద్ర ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్ ఉంది. అప్రెంటిస్‌గా చేరేవాళ్లు తమ కాంట్రాక్టు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి. చేరిన రోజునుంచే సొంత నోటుపుస్తకం పెట్టుకోండి. పాడైన ప్రతి జాబ్ కొలతా, కారణమూ అందులో ఉండాలి. రేపు షిప్‌యార్డ్ ఇంటర్వ్యూకి వెళ్లినా సర్టిఫికెట్లతోపాటు ఆ పుస్తకం తీసుకెళ్లండి.