పొద్దు గుంకేలోపు

తెనాలి

మానసా,

నువ్వు చూడమన్న ‘లవ్‌క్రాఫ్ట్ కంట్రీ’ సీరియల్ పది భాగాలూ అయ్యాయి. రోజుకొకటి, అదీ మధ్యాహ్నం పూట. రాత్రిళ్లు పెడితే మీ నాయనమ్మ ఊరుకోదు.

దయ్యాలకు నేను జడవలేదు. మొదటి భాగంలో ఆ షెరీఫ్‌కి జడిశాను. పొద్దు గుంకాక నల్లవాళ్లు ఆ ఎల్లలో కనబడకూడదు. కారులో వెళ్తున్న నల్లవాళ్లకు ఇంకా ఏడు నిమిషాలుంది. జోరుగా తోలితే వేగం మించారని పట్టుకుంటాడు, మెల్లగా తోలితే చీకటి పడిపోతుంది. వెనకాలే వాడి కారు. తర్వాత అడవిలో ఒళ్లంతా కళ్లున్న షోగాత్‌లు వచ్చి పోలీసుల మీద పడితే, నిజం చెప్తున్నా, హమ్మయ్య అనుకున్నాను. అలాంటి ‘సన్‌డౌన్ టౌన్లు’ నిజంగానే ఉండేవట. దక్షిణాదినే కాదు, మీ ఇల్లినాయిలోనూ.

కథలో జార్జ్ అనే ఆయన రాసే ప్రయాణాల గైడు దగ్గర మటుకు ఆగిపోయాను. దానికి మూలం 1936లో హార్లెంలో విక్టర్ హ్యూగో గ్రీన్ మొదలుపెట్టిన ‘గ్రీన్ బుక్’. నల్లవాళ్లకు ఏ ఊళ్లో గది ఇస్తారు, ఎక్కడ అన్నం పెడతారు, ఏ బంకులో పెట్రోలు పోస్తారు, అన్నీ అందులో. ఆయన పోస్ట్‌మన్, తల్లీ! ముప్పై నాలుగేళ్లు సంచి మోసినవాణ్ణి, నాకెలా ఉంటుందో చూడు. ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ అరుగు మీద మంచినీళ్లిస్తారో కొత్తగా చేరినవాడికి మేమూ చెప్పేవాళ్లం. ఆయన ఆ పనే దేశమంతటికీ చేశాడు. అక్కడ కరిచేవి కుక్కలు కావు, అంతే.

నడిమి భాగాల్లో మంత్రాల గోల ఎక్కువై కథ చెయ్యిజారింది. అయినా, నల్లవాళ్లను ఈసడించుకున్న రచయిత లవ్‌క్రాఫ్ట్ భూతాల్ని తెచ్చి నల్లవాళ్ల కథలోనే దింపారు చూశావా, ఆ గడుసుతనం నచ్చింది.

ఎనిమిదో భాగం రెండుసార్లు చూశాను. ఎమ్మెట్ టిల్, పద్నాలుగేళ్ల పిల్లాడు. 1955 ఆగస్టులో మిసిసిపీలో చుట్టాలింటికి వెళ్లినవాణ్ణి చంపేశారు. తల్లి మేమీ శవపేటిక మూత వెయ్యనివ్వలేదు. నా బిడ్డను ఏం చేశారో అందరూ చూడాలంది. ఆ చివరిచూపు కోసం ఎండలో నిలబడ్డ జనంలోంచే ఆ భాగం మొదలవుతుంది. కథలో ఎమ్మెట్ స్నేహితురాలైన డయానాకు పోలీసు అధికారి శాపం పెడతాడు. వెంటపడే రెండు భూతాలూ ఆ పిల్లకు తప్ప ఎవరికీ కనబడవు. పిల్ల చెప్పుకుందామన్నా వినే తీరికలో పెద్దవాళ్లెవరూ లేరు. నువ్వు ఎనిమిదో తరగతిలో బడికి వెళ్లనని మొండికేసిన రోజులు గుర్తొచ్చాయి. ఎందుకని నేనూ అడగలేదు.

ఆ అంత్యక్రియలు జరిగిన రాబర్ట్స్ టెంపుల్ చర్చి మీ షికాగోలోనే, స్టేట్ స్ట్రీట్ మీద ఉంది. సెలవు రోజు పగటిపూట వెళ్లి చూసిరా. ఏం చూశావో ఫోన్‌లో చెప్పకు, ఉత్తరం రాయి. ఎన్నాళ్లకు చేరుతుందో నేను లెక్కపెట్టుకుంటాను.

మీ తాతయ్య