కెమెరా ఎదుట మన సమాధానము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయము, 1 పేతురు 3:13-17



మందిరము గేటు దగ్గర టీవీవాళ్లు మైకు పెట్టి, "మీరు మతం మారుస్తున్నారట కదా?" అని అడిగితే ఏమి చెప్పాలి? బరంపురంలోను, గంజాం జిల్లా సంఘములలోను ఉన్న యౌవనస్థులు ఈ ప్రశ్నకు సిద్ధపడి ఉండాలి. "లేదండీ, మేమెవరినీ మార్చడం లేదు" అని తప్పించుకోవడము సులభము. అయితే అది సగము నిజమే. మనము సువార్త చెబుతున్నాము. విని నమ్మినవారికి బాప్తిస్మమిస్తున్నాము. దానిని దాచితే రేపు మన మాట ఏదీ ఎవరూ నమ్మరు.

అగ్రిప్ప రాజు ఎదుట నిలిచిన పౌలు ఖైదీ. అయినా రాజుకు ఇవ్వవలసిన మర్యాద ఇచ్చాడు. ఎవరి దేవుళ్లనూ ఎత్తిపొడవలేదు. తానెవరో, తనకేమి జరిగిందో చెప్పాడు. ఫేస్తు అడ్డు తగిలి వెర్రివాడివన్నా గొంతు పెంచలేదు. (ఇప్పటి టీవీ చర్చలలో అరగంటకు నలుగురు ఫేస్తులుంటారు!) విన్నవారందరూ తనవలె నమ్మాలనే కోరికను మాత్రము దాచుకోలేదు.

మన ఒడిశాలోనే చూడండి. 1999 జనవరి 22 రాత్రి కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కుమారులు ఫిలిప్, తిమోతిలను వాహనములో నిద్రిస్తుండగా సజీవ దహనము చేశారు. బారిపదలో కుష్ఠురోగులను చూసుకొనే కుటుంబమది. మతమార్పిడి మీద దేశమంతటా వాదము రేగుతున్న ఆ రోజుల్లోనే గ్లాడిస్ స్టెయిన్స్ చంపినవారిని క్షమించానని లోకమెదుట చెప్పారు. క్షమిస్తే ఇక శిక్ష దేనికని ఎవరికైనా తోస్తుంది. క్షమాపణ వేరు, నేరమునకు చట్టము విధించే ఫలితము వేరు అని ఆమె విడదీసి చెప్పారు. ఎంత తక్కువ మాటలు! 2011 జనవరిలో ఈ కేసు తీర్పులో రాసిన కొన్ని వ్యాఖ్యలను విమర్శలు వచ్చాక సుప్రీంకోర్టే నాలుగు రోజులకు తొలగించింది. టీవీలో మనమన్న మాటకు ఆ వీలు లేదు.

చట్టము కూడ తెలిసి ఉండాలి. బలవంతము, ప్రలోభము, మోసముతో మతము మార్పించడమును ఒడిశా 1967 చట్టము నేరము చేసింది. హైకోర్టు కొట్టివేసినా 1977లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. 25వ అధికరణము ప్రకారము తన మతమును వివరించి వ్యాపింపజేసే హక్కు ఉన్నదిగాని, మరొకరిని మార్చే హక్కు లేదన్నది. మతము మార్చే కార్యక్రమము జరిపించేవారు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలని 1989 నియమాలు పెట్టాయి.

ఇది విని మనవారు కొందరు కుంగిపోతారు. బాప్తిస్టులము మనకెందుకు కుంగుబాటు? మన ఇంట పుట్టిన పసిబిడ్డకే మనము బాప్తిస్మమివ్వము. వాడు పెరిగి, తెలుసుకొని, తన నోటితో ఒప్పుకోవాలి. తండ్రి విశ్వాసము కొడుకుకు చెల్లదనే మనము పరాయివాని విశ్వాసమును బియ్యము బస్తాతో ఎలా కొంటాము? బలవంతపు బాప్తిస్మము చట్టమునకు నేరము. మనకైతే అది బాప్తిస్మమే కాదు, నీళ్లలో తడవడమే. విలేఖరికి ముందుగా చెప్పవలసినది ఇదే. ఎవరైనా సహాయమును బాప్తిస్మమునకు ముడిపెడితే, వారిని సమర్థించే పూచీ మనకు లేదు.

మాటల విషయములోనూ జాగ్రత్త. మనము "మారుమనస్సు" అంటాము. ఒడియా విలేఖరి "ధర్మాంతరీకరణ" అని రాసుకుంటాడు. మొదటిది మనిషి దేవునివైపు తిరగడము, రెండవది ఒక లెక్కలోనుండి మరో లెక్కలోకి పోవడము. "ఇన్ని ఆత్మలను సంపాదించాము", "ఈ ఊరిని పట్టుకుందాము" అని కూటములలో అలవాటుగా అంటాము. ఆ ముక్క కత్తిరించి రాత్రి వార్తల్లో వేస్తే పక్కింటి ఒడియా కుటుంబము దండయాత్ర అనుకుంటుంది. అనుకోవడములో వారి తప్పేమీ లేదు.

ఇక నొప్పి కలిగించే ప్రశ్న. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులపు హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. సంఘపు రిజిస్టరులో ఒకటి, కులధ్రువపత్రములో ఒకటి ఉంటే విలేఖరి అడగకుండా ఉంటాడా? ఆ ఉత్తర్వు అన్యాయమని మా అభిప్రాయము. బాప్తిస్మము తీసుకున్నంత మాత్రాన ఊరు మనలను చూసే చూపు మారలేదు. ఆ సంగతి ధైర్యముగా చెప్పవచ్చు. అయితే పిల్లల చదువు కోసము ఆ ఇరుకులో బ్రతుకుతున్న సహోదరుని కెమెరా ముందుకు నెట్టకండి. వెనుకనుండి వేలెత్తి చూపకండి. మాట్లాడవలసినది సంఘపెద్దలు.

వచ్చే యౌవనస్థుల కూటములో ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు విలేఖరి, ఒకరు సంఘస్థుడు. జవాబు ఒడియాలో, అరనిమిషములో ముగియాలి. విలేఖరి వేషము మెతకవారికి ఇవ్వకండి.