వేరుకు పట్టిన పురుగు – చేను గట్టున ఉన్న మందు

భద్రాచలం అడవి అంచున చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు మనవాళ్ళు మిరప, వంగ, టమాటా, బెండ వేస్తారు. చేనులో అక్కడక్కడ మొక్కలు గిడసబారి, మధ్యాహ్నం ఎండకు తల వాలిస్తే బలం చాలలేదని యూరియా చల్లుతాం. అప్పు పెరుగుతుందే గాని మొక్క కోలుకోదు. అసలు జబ్బు వేరులో ఉండవచ్చు. దీని గురించి మేము తరగతిలో నేర్చుకున్నది మన ఊళ్ళకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

పురుగు ఏం చేస్తుంది?

వేరుబుడిపె నులిపురుగు పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. లేత వేరు కొనలోంచి దూరి, లోపలి కణాలను ఉబ్బించి రసం పీలుస్తుంది. వేరు ముడులు పడి నీరు పైకి సరిగా పోదు. ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో సుమారు నెలకొక తరం పుడుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న నేలలు దీనికి అనుకూలం.

ఎలా గుర్తించాలి?

మొక్కను పీకకుండా మట్టితో సహా తవ్వి తీసి, వేరు కడగాలి. పెసర, వేరుశనగ వేర్ల మీది మేలుచేసే బుడిపెలు గోటితో గీరితే ఊడతాయి. పురుగు బుడిపెలు వేరు ఉబ్బి ఏర్పడినవి కనుక ఊడవు.

మన చెట్ల మందు

వేప గింజల్లోని అజాడిరక్టిన్ ఈ పురుగును దెబ్బతీస్తుంది. వేపపిండి నేలలో కుళ్ళేటప్పుడు వెలువడే అమ్మోనియా కూడా దానికి విషమే. ఎకరాకు 200 కిలోల పిండిని నాటడానికి రెండు మూడు వారాల ముందు తడి నేలలో కలియదున్నాలి. నారుమడిలోనూ కలపాలి. కానుగ, ఆముదం, ఇప్ప పిండ్లు కూడా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. బంతి వేర్లలో ఆల్ఫా టెర్థియనైల్ అనే పదార్థం ఉంది. అయితే గట్టున నాలుగు మొక్కలు చాలవు. పంటకు ముందు చేను నిండా రెండు నెలలు బంతి పెంచాలి.

ఇవి పురుగును పూర్తిగా తుడిచిపెట్టవు. నేలలో త్వరగా విడిపోతాయి కనుక ఏటా వేయాలి. ముడులు పడ్డాక వేస్తే ఫలితం తక్కువ. ఒకప్పుడు వాడిన ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం.

వేప గింజలు రాలేది మిరప నారు పోసే ముందే. వాటిని సంతలో కారుచౌకగా అమ్మి, తర్వాత పిండి బస్తాలు కొనడం మనకే నష్టం. కొంత ఇంట్లో ఉంచి దంచుకుందాం. దసరా సెలవుల్లో వాడిన మొక్క ఒకటి తవ్వి, వేరు కడిగి అమ్మానాన్నలకు చూపించండి. అనుమానముంటే వైరా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. చదువుకున్న మనం చెప్పకపోతే వాళ్ళకు ఎవరు చెబుతారు?