ఐదో కాంటూరు: కాగితం మీద గీత, కొల్లేటిలో గట్టు



పర్యావరణ పరిరక్షణ అనగానే మనకు మొక్కలు నాటడం, ప్లాస్టిక్ సంచులు మానడం గుర్తుకు వస్తాయి. అవి మంచివే. కాని ఒక సరస్సును గాని, అడవిని గాని కాపాడే నిర్ణయం ఎవరు చేస్తారు, అది మన ఊరి దాకా ఏ దారిన వస్తుంది అన్నది చాలామందికి తెలియదు. తెలియనందువల్ల ముందుగా నష్టపోయేది బీదవాడే. కొల్లేరును చూడండి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు నేల అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. వరద నీటిని పట్టి ఉంచి చుట్టుపక్కల ఊళ్ళకు ముంపు తగ్గించేది ఆ సరస్సే. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాల పేర చేపల చెరువులను ప్రోత్సహించింది. తరువాత డబ్బున్నవారు దిగారు. లీజుల పేరుతో బీదల చెరువులు చేతులు మారాయి, గట్లు లేచాయి, నీరు పారే దారి మూసుకుపోయింది.

1999 అక్టోబరులో 120వ నంబరు జీవో వచ్చింది. ఐదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయింది. సంప్రదాయ చేపల వేట సాగవచ్చు, చెరువులు మాత్రం పనికిరావు. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం జాబితాలోనూ చేరింది.

ఇక్కడ మూడు మెట్లు ఉన్నాయి, గమనించండి. పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో రాష్ట్ర ప్రభుత్వం హద్దులు గీసింది. మూడవ మెట్టు కలెక్టరుది. ఆ నేలలో ఎవరికి ఏ హక్కు ఉందో ఆయన విచారణ జరపాలి. (ఈ విచారణ మన గుడి విచారణ కాదు సుమా!) హక్కు నిజమైతే పరిహారం ఇచ్చి తీసుకోవచ్చు, లేదా కొనసాగనివ్వవచ్చు. నా దృష్టిలో అసలు న్యాయం నిలిచేది, తప్పేది ఈ మూడవ మెట్టు మీదనే.

గీత పడిన తరువాత కూడా ఏళ్ళ తరబడి చెరువులు అలాగే సాగాయి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ గట్టిగా చెప్పిన మీదట 2006లో గట్లను కొట్టివేశారు. సరస్సుకు ఊపిరి ఆడింది, నిజమే. అయితే నాలుగు చోట్ల చెరువులున్న ఆసామికి, కూలితో బ్రతికే కుటుంబానికి ఆ దెబ్బ ఒక్కటేనా? జిరాయితీ పట్టా ఉన్న రైతుల గోడు వేరు. అందుకే 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానించింది. కాని అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి, శాసనసభ తీర్మానం ఒక్కటే చాలదు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలని 2011లో చెప్పింది. అది సబబేనని నేనూ అనుకుంటాను, ఎందుకంటే పల్లం ఎక్కడ ఉందో అక్కడికి నీరు చేరక మానదు. పరిహారం, పునరావాసం మాటలో మాత్రం అంత పట్టుదల కనబడలేదు.

చట్టానికి కావలసిన లక్షణాలలో ప్రకటన ఒకటని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. జనానికి తెలియజేయని ఆజ్ఞ వారిని కట్టిపడవేయజాలదు. మన వన్యప్రాణి చట్టమూ అదే కోరుతుంది. అభయారణ్యం చేయదలచిన ప్రాంతంలోను, దాని చుట్టుపక్కలను ఉన్న ప్రతి ఊరిలో కలెక్టరు స్థానిక భాషలో ప్రకటన వేయించాలి. ఆ తేదీ నుండి రెండు నెలలలోగా హక్కుదారులు వ్రాతపూర్వకంగా తమ హక్కు తెలుపుకోవాలి. మీ ప్రాంతంలో ఎన్నడైనా అటువంటి ప్రకటన పంచాయతీ గోడ మీద కనబడితే, చదవలేని పొరుగువారికి చదివి వినిపించండి. పట్టా నకలు జతపరచి అర్జీ ఇచ్చి, అందినట్లు రసీదు పుచ్చుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే దస్త్రంలో ఏమీ మిగలదు.