డైవింగ్ రెగ్యులేటరు: ఇంట్లో చేసుకోదగ్గది ఎంతవరకు?

మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలోనో, పుదుచ్చేరి తీరంలోనో డైవింగ్ నేర్చుకునే మన పిల్లలు అక్కడక్కడా కనిపిస్తున్నారు. సొంత రెగ్యులేటరు కొనుక్కున్నవారు "సర్వీసుకు డబ్బు దండగ, మేమే విప్పుకుంటాం" అంటున్నారు. డైవింగ్ కేంద్రంలో పని చేసే మా మేనల్లుడి పక్కన కూర్చుని నేను చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదవగలరు.

సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. సిలిండరుకు బిగించే మొదటి దశ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేటట్లు తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండవ దశ దాన్ని నీటి ఒత్తిడికి సమానం చేసి, మనం పీల్చినప్పుడు మాత్రమే ఇస్తుంది. ఈ పద్ధతిలో పనిచేసే పరికరాన్నే 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ తయారుచేశారు.

ఇంటిపని ముఖ్యంగా కడగడమే. డైవ్ చేసిన రోజే, ఉప్పు ఎండకముందే చేయాలి. మొదటి దశ మూతను పొడిగా తుడిచి గట్టిగా బిగించి, మంచినీళ్ళలో నానబెట్టాలి. ఆ సమయంలో పర్జ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే వాల్వు తెరుచుకుని నీరు గొట్టం గుండా మొదటి దశలోకి పోతుంది. తరువాత గొట్టాలు మడత పడకుండా నీడలో ఆరబెట్టాలి.

పరీక్షలు కూడా మనమే చేసుకోవచ్చు. మూత బిగించి ఉండగా నోటితో పీల్చండి. గాలి రాకూడదు. వస్తే డయాఫ్రమ్ చిరిగిందనో, గాలి బయటకు వదిలే వాల్వులో ఇసుక చేరిందనో అనుమానించాలి. మొదటి దశలోని ఫిల్టరు పచ్చబడితే లోపలికి నీరు వెళ్ళినట్లే. చిన్న ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు ఒకచోట నిలవాలి. మెల్లగా పైకి పాకుతుంటే లోపలి సీటు అరిగింది. అప్పుడు రెండవ దశ నుండి గాలి దానంతటదే కారిపోతుంది. గాలి ఆగిపోకుండా కారిపోయేటట్లు తయారుచేయడం ఇంజనీర్ల ముందుచూపే గాని, సిలిండరు మాత్రం త్వరగా ఖాళీ అవుతుంది.

ఇక లోపలి భాగాలు విప్పడం శిక్షణ పొందినవారి పని. మా మేనల్లుడు విద్యార్థిగా ఉన్నప్పుడు ఓ-రింగును ఇనుప సూదితో తీశాడు. ఇత్తడి గాడిలో వెంట్రుకంత గీత పడింది. కొత్త రింగు వేసినా గాలి కారడం ఆగలేదు, చివరికి ఆ మొదటి దశనే మార్చవలసి వచ్చింది. మిగుల్చుకున్నది సర్వీసు చార్జీ, పోగొట్టుకున్నది దానికి ఎన్నో రెట్లు. వాసెలిన్ రాయడం మరీ ప్రమాదం: రబ్బరు పాడవుతుంది, ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి వాడితే మంట కూడా పుట్టవచ్చు.

చాలా కంపెనీలు ఏడాదికో రెండేళ్ళకో, లేదా 100 డైవ్‌లకో సర్వీసు చేయించమంటాయి. ఆ తేదీ, గేజి రీడింగు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి (బ్యాంకువాడిని కదా, నాకు రిజిస్టరు లేకపోతే తోచదు). సర్వీసు నుండి వచ్చిన రెగ్యులేటరును మొదట స్విమ్మింగ్ పూల్‌లో వాడి చూడాలి, సముద్రంలో కాదు.