స్థిరత్వానికి హద్దులు

ఏటా థర్మోడైనమిక్స్ పాఠం మొదలుపెట్టే రోజున తరగతిలో ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. "సమతాస్థితిలో ఉన్నదంతా స్థిరంగా ఉన్నట్టేనా?" అని. చాలామంది "అవునండీ" అంటారు. తప్పు వాళ్లది కాదు, చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఒకసారి లాబ్‌లో ముప్పు కొనితెచ్చుకున్నాను కూడా. ఆ సంగతి చెప్పే ముందు విషయం కొంచెం తేటపరచుకుందాం.

ఒక మూకుడులో గోలీ వేయండి. అడుగున ఆగుతుంది. వేలితో కదిపితే అటూ ఇటూ ఊగి మళ్లీ అడుగుకే వస్తుంది. ఇప్పుడు మూకుడును బోర్లించి దాని నెత్తిమీద గోలీని నిలపండి. ఓపిక ఉంటే నిలుస్తుంది. అక్కడా బలాలు సరితూగాయి గనుక అదీ సమతాస్థితే. కాని ఉఫ్ మని ఊదితే చాలు, దొర్లిపోతుంది. రెండుచోట్లా గోలీ కదలకుండానే ఉంది. తేడా కదిపినప్పుడే బయటపడుతుంది.

ఇంకో మాట. వెల్లకిలా ఉన్న మూకుడులో కూడా గోలీని అంచు దాటేటట్టు గట్టిగా తోస్తే బయటపడుతుంది. కాబట్టి స్థిరత్వం ఉందా, లేదా అని అడిగితే చాలదు. ఎంతమేరకు ఉంది అని అడగాలి. ఏ మేరలో కదిపినా వ్యవస్థ తన చోటికి తాను తిరిగివస్తుందో, ఆ మేరే దాని స్థిరత్వ ప్రాంతం. మూకుడుకైతే అంచు కంటికి కనిపిస్తుంది. రసాయన వ్యవస్థల్లో అంచు కనిపించదు. చిక్కంతా అక్కడే ఉంది.

గడ్డివాము చెప్పే పాఠం

పల్లెటూరినుంచి వచ్చిన విద్యార్థులకు ఈ సంగతి కొత్త కాదు. తడి ఆరని గడ్డిని వాము వేయకూడదని పెద్దలు చెబుతారు. వేస్తే లోపల ఉడుకెక్కుతుంది, గడ్డి నల్లబడుతుంది, ఒక్కోసారి ఎవరూ నిప్పు పెట్టకుండానే పొగ లేస్తుంది. మొదట సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. ఆ వేడి పెరిగాక గాలిలోని ఆక్సిజన్‌తో చర్య అందుకుంటుంది. బొగ్గు కుప్పలు తమంతట తామే రాజుకోవడం కూడా ఇలాంటిదే. అదే గడ్డిని పలచగా ఎండలో పరిస్తే ఏమీ కాదు. గడ్డి అదే, గాలి అదే. మరి తేడా ఎక్కడ?

దీనికి లెక్కతో సహా జవాబు చెప్పినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ సెమ్యోనోవ్. 1928లో ఆయన ప్రకటించిన వాదాన్ని ఒక కాగితం మీద గీసి చూడవచ్చు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా వేడి. చర్యవల్ల పుట్టే వేడి ఉష్ణోగ్రతతోపాటు మొదట మెల్లగా, తర్వాత అతివేగంగా పెరుగుతుంది. అర్హీనియస్ సూత్రం మనకు తెలిసిందే కదా! ఇది పైకి వంగి లేచే వక్రరేఖ. పాత్ర గోడలద్వారా బయటికి పోయే వేడి మాత్రం లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడాకు అనుపాతంలో ఉంటుంది. ఇది సరళరేఖ.

చల్లదనం బాగా ఉన్నప్పుడు ఈ రెండూ రెండుచోట్ల ఖండించుకుంటాయి. రెండుచోట్లా పుట్టే వేడి, పోయే వేడి సమానమే. అయితే కింది బిందువు దగ్గర ఉష్ణోగ్రత కొంచెం పెరిగిందనుకోండి, పోయే వేడి ఎక్కువవుతుంది, వ్యవస్థ మళ్లీ కిందికి దిగుతుంది. ఇది వెల్లకిలా మూకుడు. పై బిందువు దగ్గర కొంచెం పెరిగితే పుట్టే వేడిదే పైచేయి. ఇక వెనక్కి రావడం ఉండదు. ఇది బోర్లించిన మూకుడు. అంటే పై బిందువే మన హద్దు. దానికి దిగువన ఎక్కడ ఉన్నా క్షేమం, దాటితే లేదు.

ఇప్పుడు బయటి ఉష్ణోగ్రతను పెంచుదాం. సరళరేఖ కుడివైపు జరుగుతుంది. రెండు బిందువులూ దగ్గరవుతాయి, ఒకచోట కలిసిపోతాయి, ఆపైన మాయమవుతాయి. అప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా నిలవడానికి చోటే లేదు. ఆ కలిసే చోట లోపలి వేడి బయటి వేడికంటే ఎంత ఎక్కువ ఉంటుంది? సుమారుగా ఆర్ × టి² ÷ ఇ అంత. ఇక్కడ ఆర్ వాయు స్థిరాంకం, టి కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఇ ఉత్తేజన శక్తి. ఇ విలువ మోల్‌కు 80 కిలోజౌళ్లు, టి 300 కెల్విన్ అని తీసుకుంటే దాదాపు 9 డిగ్రీలు వస్తుంది. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నేను నమ్మలేక మళ్లీ కట్టాను. క్షేమానికీ ప్రమాదానికీ మధ్య వందల డిగ్రీల ఎడం ఉంటుందని అనుకుంటాం. ఉన్నది తొమ్మిదే!

గడ్డివాము మర్మం కూడా ఇక్కడే తేలుతుంది. పాత్రను పొడవు, వెడల్పు, ఎత్తులలో పది రెట్లు చేస్తే లోపలి సరుకు 1000 రెట్లు అవుతుంది, చల్లబడే ఉపరితలం 100 రెట్లే అవుతుంది. సరుకులో ప్రతి కిలోకూ దక్కే చల్లదనం పదోవంతుకు పడిపోతుంది. పరీక్షనాళికలో సాధువుగా ఉన్నది ట్యాంకులో సాధువుగా ఉంటుందనే పూచీ లేదు.

స్థిరత్వం ఉన్నది చల్లని స్థితికే అనుకోకండి. సరుకు ఖర్చయిపోవడాన్ని కూడా లెక్కలో చేరిస్తే వక్రరేఖ పైన ఒరిగి మూడో బిందువు ఏర్పడుతుంది. అదీ స్థిరమే. వెలిగించని అగరువత్తి ఒక స్థిరస్థితి, వెలుగుతున్న అగరువత్తి మరొకటి. అగ్గిపుల్ల చేసే పనల్లా మధ్యనున్న హద్దును దాటించడం. అమ్మోనియా తయారుచేసే రియాక్టరు కూడా ఆ పై బిందువు దగ్గరే పనిచేస్తుంది.

హద్దు ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర గీత గీసినట్టు ఉండదు. హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమాన్ని 500 డిగ్రీల సెల్సియస్‌కు కొంచెం పైన ఉంచి పీడనం పెంచుతూ పోతే విచిత్రం కనిపిస్తుంది. చాలా తక్కువ పీడనంలో నెమ్మది, తర్వాత పేలుడు, ఇంకా పెంచితే మళ్లీ నెమ్మది, మరీ పెంచితే మళ్లీ పేలుడు. ఇటువంటి చర్యల క్రమాన్ని శోధించినందుకే సెమ్యోనోవ్, ఇంగ్లండుకు చెందిన హిన్షెల్‌వుడ్ 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఆనాటి ప్రాక్టికల్స్

ఇక నా సంగతి. ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఎసిటనిలైడ్‌ను నైట్రేషన్ చేయమన్నారు. బీకరును ఐసులో ఉంచి, నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమాన్ని చుక్కచుక్కగా వేస్తూ, 10 డిగ్రీలు దాటనివ్వకూడదు. త్వరగా ముగించి వెళ్దామని నేను రెట్టింపు మోతాదు తీసుకున్నాను. థర్మామీటరు 8 చూపిస్తోంది. ఇంకా రెండు డిగ్రీలు ఉన్నాయిగదా అని ధీమాగా పోస్తున్నాను.

లాబ్ అటెండరుగారు అటుగా వెళుతూ, "బాబూ, ఐసు కరిగి చాలాసేపయింది, చూసుకున్నారా?" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోగా 14, 19, 26! ఎర్రగోధుమ రంగు పొగలు లేచాయి. మాస్టారు పరుగున వచ్చి నన్ను పక్కకు లాగి, బీకరులో ఉన్నదంతా పక్కనున్న ఐసు తొట్టిలో కుమ్మరించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిడతారనుకున్నాను. ఆయన ఒకటే అన్నారు: "థర్మామీటరు ఎంత చూపిస్తోందని కాదయ్యా, ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో చూడాలి."

సెమ్యోనోవ్ పటం చదివాక గాని ఆ మాట నాకు ఒంటబట్టలేదు. మోతాదు రెట్టింపు చేసి వక్రరేఖను నేనే పైకి లేపాను. ఐసు కరిగిపోనిచ్చి సరళరేఖను నేనే కుడికి జరిపాను. థర్మామీటరు 8 దగ్గర ఉండగానే నా కాలికింద నేల తరిగిపోయింది. అంకె మారలేదు, హద్దు మారింది.

ఒక ఊరి తెల్లవారుజాము

బీకరు విషయంలో ఐసు తొట్టి పక్కనే ఉంది. అన్నిచోట్లా అలా ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ప్లాస్టిక్ కర్మాగారంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరిమీదికి పాకింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

స్టైరీన్ నిలవ ఉన్నా మెల్లగా తనలో తాను గొలుసుకట్టుకుంటూ ఉంటుంది. ఈ చర్యలో మోల్‌కు దాదాపు 70 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోకుండా అంతా లోపలే ఉండిపోతే ఉష్ణోగ్రత 300 డిగ్రీలకు పైగా పెరగగలదు. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర. అందుకే దాన్ని చల్లగా ఉంచుతారు, టెర్షియరీ బ్యుటైల్ కేటకాల్ అనే నిరోధకం కలుపుతారు. ఆ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా ఉండాలి. కాలం గడిచేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అది ఖర్చవుతుంది. లాక్‌డౌన్‌వల్ల కర్మాగారం వారాల తరబడి ఆగిపోయి సరుకు కదలకుండా ఉండిపోయింది. ట్యాంకు అడుగున ఉష్ణోగ్రత కొలిచారు గాని పైపొరల్లో కొలిచే ఏర్పాటు లేదని తర్వాత జరిగిన విచారణలో తేలింది. వేడి ద్రవం పైకే చేరుతుందని మనం హైస్కూల్లోనే చదువుకున్నాం!

1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరి వేలమంది ప్రాణాలు తీసింది. అక్కడ కూడా ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని కొన్ని నెలల ముందే ఆపివేశారు. ఆపిన రోజున ఏమీ జరగలేదు. మర్నాడూ జరగలేదు. "ఆపినా ఏం కాలేదుగా" అనిపించే ఆ రోజుల్లోనే స్థిరత్వ ప్రాంతం కుంచించుకుపోయింది.

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. రేపు మీలో కొందరు కర్మాగారాల్లో, మరికొందరు పరిశోధనశాలల్లో పనికి చేరతారు. మీటరు అంకె సరిగ్గా ఉందని మీకు ఎవరైనా చూపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకె ఎక్కడ కొలిచారు? ఏ వేగంతో మారుతోంది? చల్లదనం తగ్గితే మనకు మిగిలే ఎడం ఎంత? ఇవి అడగడానికి పెద్ద హోదా అక్కర్లేదు. ఆనాడు నా బీకరు దగ్గర ఆ ప్రశ్న మొదట అడిగింది మాస్టారు కాదు, అటెండరుగారు. నేను చేసిన మంచిపనల్లా ఆ మాట విని తల తిప్పి చూడడమే.